చేతులు కడుక్కునే వేళ

స్టోక్‌లో ఎవరింటికి వెళ్ళినా
టీ తాగేశాక కప్పు బోర్లించి చూస్తారు,
అడుగున ఎవరి ముద్ర ఉందోనని.
మర్యాద తెలియక కాదు,
వాళ్ళ అమ్మమ్మలు పూలు దిద్దిన మట్టి అది.

కౌన్సిల్ భవనం మూడో అంతస్తు.
గురువారం పదింటికి సంప్రదింపుల సమావేశం.
బల్లకి అటు నలుగురు, ఇటు ముగ్గురు.
కొసన, అటూ ఇటూ కాని కుర్చీలో
మినిట్స్ రాసే మనిషిని, నేను.

ఐదో అంశం:
చెత్తబండి పనివాళ్ళకి షిఫ్టు చివర
చేతులు కడుక్కోవడానికి పది నిమిషాలు.
జీతంతో.

నవ్వొస్తుంది కదూ. మొదట్లో నాకూ వచ్చింది.
ఆ పది నిమిషాల మీద పద్నాలుగు నెలలుగా
ఉత్తరాలు నడుస్తున్నాయి.

యూనియన్ తరఫున బెరిల్ బాగ్నాల్ లేచింది.
ఇరవై రెండేళ్ళు బర్స్‌లెమ్ వీధులూడ్చిన మోకాళ్ళు,
లేవడానికే కొంత సేపు పట్టింది.
"డిపోలో రెండు సింకులు. ముప్పై ఒక్క మందిమి.
మూడున్నరకి కార్డు గీకాకే కుళాయి ముట్టుకోవాలి.
సబ్బు ఇంటి నుంచి తెచ్చుకుంటాం."

ప్రెండర్‌గాస్ట్ గారు కాగితం తిప్పి
ఏడాదికి ఎన్ని పౌండ్లో చదివారు.
సానుభూతి ఉందన్నారు. బడ్జెట్ మాత్రం ఫైనాన్స్‌దన్నారు.
ఫైనాన్స్ ఆవిడ కిటికీలోంచి
లండన్ ఉన్న దిక్కుకి చూసింది.

మా భాషలో దీన్ని చేతులు దులుపుకోవడమంటారు.
దానికి నీళ్ళక్కర్లేదు, సబ్బక్కర్లేదు,
పది నిమిషాలు అసలే అక్కర్లేదు.
ఇది నేను రాసుకోలేదు.
మినిట్స్‌లో నా భాషకి చోటు లేదు.

సాక్షిగా తెచ్చిన కుర్రాడు తాసిఫ్
అంతసేపూ ఖాళీ కప్పు బోర్లిస్తూ, నిలబెడుతూ కూర్చున్నాడు.
బిస్కెట్టు ముట్టలేదు.
అడిగితే ఒక్కటే చెప్పాడు:
"హ్యాన్లీ నుంచి లాంగ్టన్ దాకా బస్సులో
నా పక్క సీటు ఖాళీగానే ఉంటుందండీ.
ముసలివాళ్ళు కూడా నిలబడే వస్తారు."

హీటర్ చప్పుడు.
అధ్యక్షుడు నా వైపు తిరిగి
"విషయం గమనించడమైనది, అని రాయండి" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను ఆ మాట.
గమనించడమైనది.
ఎవరు గమనించారో చెప్పనక్కర్లేని క్రియ,
కర్త లేని వాక్యం.
బడి వంటమ్మల కాలిన మణికట్లు,
లైబ్రరీలో రాత్రి ఒంటరిగా తాళం వేసే అమ్మాయి భయం,
అన్నీ అందులోనే పూడ్చాను.
చేయి తిరిగిన గుమాస్తాని.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద
(ఆఫీసు గంటల్లో పట్టదు ఈ పని, ఎప్పుడూ పట్టలేదు)
ఖాళీ సీటు సంగతి
అతనన్నది అన్నట్టే టైపు చేశాను.
చిత్తుప్రతి సోమవారం తిరిగొచ్చింది,
ఆ వాక్యం మీద ఎర్రగీత.
తీసేశాను. నాకూ ఇంటి అద్దె ఉంది.

తరువాతి నెల, ఎప్పట్లాగే,
ఎవరూ జవాబు ఆశించని ప్రశ్న:
"గత సమావేశపు మినిట్స్ సరిగ్గానే ఉన్నాయా?"
బెరిల్ కళ్ళజోడు కోసం సంచీ వెతుక్కుంటోంది.
లేవు, అన్న గొంతు
నాదని తెలియడానికి నాకే క్షణం పట్టింది.
"ఒక వాక్యం తక్కువుంది."

చదివాను.
ఈసారి కిటికీ వైపు ఎవరూ చూడలేదు.

పది కాదు, ఆరు నిమిషాలిచ్చారు.
ఏప్రిల్ దాకా, ప్రయోగంగా.
మూడో సింకు పెడతారట.
బెరిల్ దాన్ని గెలుపనలేదు, "సరే, ఆరు" అంది.
తాసిఫ్ ఆ రోజు రాలేదు, షిఫ్టులో ఉన్నాడు.

వచ్చే నెల ఎజెండా నా ముందుంది.
తొమ్మిదో అంశం: సబ్బు.
నేనే చేర్చాను.
దాని కింద పది అని అంకె వేసి
పక్కన ఇంకా ఏమీ రాయలేదు.
రాత్రి పదకొండున్నర.
వంటింటి దీపం నా ఖర్చే.